పెద్దత్త పారేయనివ్వని బోన్లు

మా పెద్దత్త పోయింది. మా మామగారి అన్న భార్య ఆమె. దినాలు కూడా అయిపోయాయి. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "పాపం, కడుపు పండకుండానే పోయింది." ఆ 'పాపం' చెవిన పడితే పెద్దత్త ఒంటికాలి మీద లేచేది. అందుకే ఇది చదివేవారు ఆమె మీద జాలి పడొద్దని ముందే చెబుతున్నాను.

మాది గిద్దలూరు తాలూకాలో నల్లమల అంచున గొర్రెల మంద ఉన్న ఇల్లు. మా ఆయన తాతగారు మంద మీద పడే తోడేళ్లనూ చిరుతలనూ పట్టడానికి ఎన్నో బోన్లు పోగుచేశాడు. కోరలున్న ఇనుప బోన్లు, తలుపు జారిపడే చెక్క బోను, నరాలతో పేనిన ఉచ్చులు. కొన్ని ఆయన తాతల నాటివి. ఆయన తర్వాత వాటిని ఎవరూ ఒడ్డలేదు. కోడలిగా వచ్చిన పెద్దత్త మాత్రం వాటిని పాడవనివ్వలేదు.

పొగ తగిలితే తేమ చేరదని వాటిని పొయ్యి పైన దూలానికి వేలాడదీసేది. వానలు వెనకపట్టగానే కిందికి దింపి, ముందు కోరల మధ్య తుమ్మచెక్క పెట్టేది. మార్కాపురం నుంచి తెప్పించిన రాతిపలకల పొడిని ఆముదంలో కలిపి, గోనెముక్కతో సందుసందునా రుద్దేది. నీటిచుక్క తగలనిచ్చేది కాదు. ఉచ్చులకు కొవ్వు పట్టించి, చిక్కుపడిన జడ విప్పినట్టు ఓపిగ్గా సాగదీసేది.

"చెక్క పెట్టకుండా చెయ్యి పెట్టొద్దు అమ్మాయ్. ఇది మనిషిని ఎరగదు" అని నాకు మొదటిరోజే చెప్పింది.

అడవి క్యాంపుకు వచ్చిన ఒక దొర వాటిని గోడకు అలంకారంగా అడిగాడు. "గోడకు తగిలించినాక నూనె ఎవరు రాస్తారో ఆయన్నే అడుగు" అని పక్కనున్న గుమాస్తాతో అంది. దొర వట్టి చేతులతో పోయాడు.

దొరతో గొడవ ఒక్కరోజుదే. అయినవాళ్లతో మాత్రం బతుకంతా. నోరులేని జీవాల ఉసురు ఆ బోన్లను పట్టుకుని ఉందనీ, అవి ఇంట్లో ఉన్నంతకాలం ఆమెకు పిల్లలు పుట్టరనీ అందరూ తేల్చేశారు. గుండ్లకమ్మ ఏట్లో పారేయమని పుట్టింటివాళ్లు కాళ్లావేళ్లా పడ్డారట.

"ఉసురు తగిలేదయితే పట్టిన మామకు తగలాల. ఆయనకు నలుగురు కొడుకులు పుట్టినారు గదా! నూనె రాసేదాన్ని, నన్నెందుకు పట్టుకుంటది?" అని ఎదురడిగింది.

పిల్లలంటే ఆమెకు ఇష్టం లేదనుకునేరు. మా పిల్లోడికి నలుగు పెట్టి నీళ్లు పోసింది ఆమే. ఒకసారి వాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, "నాకూ కావాలనే ఉండె అమ్మాయ్. అట్లని అబద్ధానికి తల వంచేదా?" అంది. ఆ గొంతు నేను మరిచిపోలేను.

ఒక మహర్నవమికి ఆమె మార్కాపురం చుట్టాలింటికి వెళ్లింది. ఇంట్లో కొడవళ్లకూ గొడ్డళ్లకూ పూజ. ఇదే అదననుకుని మా అత్త, ఉసురు చల్లారాలని, బోన్లకు కడివెడు పసుపునీళ్లు పోసి కుంకుమ మెత్తింది. పెద్దత్త తిరిగొచ్చేసరికి కోరలన్నీ ఎర్రగా ఉన్నాయి. కుంకుమ ఏదో తుప్పు ఏదో తెలియలేదు.

"భక్తి నీది, తుప్పు నాదా చెల్లీ? కూర్చో, రుద్దు" అని మా అత్త చేతిలో గోనెముక్క పెట్టింది. అత్త కూర్చుని రుద్దింది.

ఇప్పుడు నాకు రెండో కానుపు దగ్గరపడింది. కర్మలు ముగిసిన మర్నాడే అత్త మొదలుపెట్టింది.

"అడ్డం చెప్పేదానికి ఇంక అక్క లేదు. బిడ్డ పుట్టకముందే ఆ పీడ వదలాల. బండి కట్టమని చెప్పినా."

"విప్పమని చెప్పండత్తా."

"కడుపుతో ఉండి ఏంది నీ మొండితనం? ఏమన్నా అయితే?"

"అయితే పెద్దత్తను అన్నట్లే నన్నూ అంటారు. అననీండి."

భయం లేదని చెప్పను. మొదటి కానుపే గండం గడిచినట్టు గడిచింది. ఈసారి ఏం జరిగినా వేళ్లన్నీ నా వైపే తిరుగుతాయి. కానీ ఈ బోన్లను ఏట్లో పారేస్తే, పిల్లలు లేకపోవడం పెద్దత్త తప్పేనని నా చేత్తో నేను ఒప్పుకున్నట్టు. నేను ఒప్పుకోను.

బోన్లు దింపించాను. తుమ్మచెక్క పెట్టి, ఆమె చూపినట్టే పలకపొడితో రుద్ది, ఆముదం పట్టించి మళ్లీ పైకి కట్టించాను. అత్త నాతో మాట్లాడటం లేదు. ఆ దూలం వంటింట్లోంచి నడవలోకి సాగి ఉంటుంది. పొగ తగలని ఆ కొసకు మా ఆయన చేత ఉయ్యాల కూడా కట్టించాను. ఖాళీ ఉయ్యాల ఊగకూడదంటారు. గాలికి అది ఊగుతూనే ఉంది, దాంతోపాటు దూలానికున్న బోన్లూ.