నా ఇంగ్లీషు, అమ్మ పథ్యం

విరుదునగర్‌లో డాక్టరు ఇచ్చిన చీటీ చివర 'బ్లాండ్ డైట్' అని ఉంది. అమ్మకు కడుపులో పుండు. కోవిల్‌పట్టి బస్సులో కూర్చోగానే ఫోనులో ఆ మాటకు అర్థం వెతికాను. రుచి లేనిది, చప్పనిది అని వచ్చింది. ఇక వెతకాల్సిన పనే లేదనుకున్నాను. జబ్బు మనిషికి చప్పిడి పెట్టడం మా ఇళ్లలో తాతలనాటి పద్ధతి. ఉప్పు, కారం, పులుపు మూడూ బంద్. పత్తియం అన్నా, పథ్యం అన్నా మాకు అదే.

"డాక్టరేమి రాసినాడురా?" అని అడిగింది పక్కన కూర్చున్న అమ్మ.

"సప్పిడి కూడే తినాలంట. ఉప్పు గూడా ఏయగూడదు."

మాది తమిళనాడు. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు, చదువుకున్నది తమిళం. ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా అది నా చేతికే వస్తుంది. అందుకని నా మాటకు ఎదురు లేదు. ఉప్పు డబ్బా తీసుకెళ్లి అటక మీద పెట్టేశాను.

మూడో రోజుకే అమ్మకు ముద్ద దిగడం మానేసింది. "మజ్జిగలోనన్నా ఒక చిటికెడు ఏసుకుంటా నాయనా," అని బతిమాలింది. నాకు ఒళ్లు మండిపోయింది. పొద్దున్నే బస్సు పట్టుకుని విరుదునగర్ మిరపకాయల మండీకి పోయి, మూటల మీద సరుకు రకం రాసి రాసి ఇంటికొస్తే రోజూ ఇదే గొడవ. "నీకు బతకాలని ఉండాదా లేదా?" అని అరిచాను. ఆమె మళ్లీ ఉప్పు ఊసెత్తలేదు. పదో రోజు కొళాయి దగ్గర కళ్లు తిరిగి కూలబడింది.

మళ్లీ అదే డాక్టరు. అమ్మ ఏం తింటోందో విని పెన్ను కింద పెట్టేశాడు. కారం, పులుపు, వేపుళ్లు వద్దంటే ఉప్పెవరు మానమన్నారని తమిళంలో గద్దించాడు. బ్లాండ్ అంటే మైల్డ్‌గా అని అర్థం, అన్నాడు. మైల్డ్. కారం తక్కువ కాయల మూటల మీద రోజూ నా చేత్తో నేను రాసే మాట. ఆ మాటే రాసి ఏడవొచ్చుగా అని ఆయన మీద కోపం, అంతకు మించి నా మీద నాకే రోత. నేను నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది. ఉప్పు తానే మానేశానని, తమ ఇళ్లలో పత్తియం అంతేనని తమిళంలో చెప్పింది. కాదు, నేనే మాన్పించానని చెప్పే ధైర్యం నాకు రాలేదు.

ఇంటికి రాగానే డబ్బా దించాను. అమ్మ మజ్జిగన్నంలో ఉప్పు కలుపుకొని నాలుగు ముద్దలు తింది. ఆ తర్వాతే నా వైపు చూసింది.

"ఆ ఇంగిలీసు మాటకి అర్తమేమిరా?"

"కారం లేనిదని అమ్మా."

"అంతేనా," అంది. ఇంకో ముద్ద కలుపుకుంటూ, "నాకు అరవం వచ్చునే. నేనే ఆయన్ని అడిగుందునే," అంది.