పోగు తెగిన చోటు నుంచి

పిక్ అప్ అనే ఇంగ్లీషు మాటకు పద్నాలుగు అర్థాలున్నాయని తెలిసిన వారంలోనే ఆ పద్నాలుగింటినీ బట్టీ పట్టేశాను. కింద పడ్డ పెన్ను తీస్తే పిక్ అప్. బస్టాండుకు పోయి చుట్టాన్ని ఎక్కించుకొస్తే పిక్ అప్. ఫోన్ ఎత్తితే అదే, వ్యాపారం పుంజుకుంటే అదే, వినీవినీ ఒక భాష వంటబట్టినా అదే. ఆగిన పనిని ఆగిన దగ్గర నుంచే అందుకోవడం కూడా అదే. ఇది నా జాబితాలో పదకొండోది. ఇంగ్లీషువాళ్ళకు మాటల కరువేమో అనుకున్నాను గానీ, ఉద్యోగం కావాలి కాబట్టి నోరు మూసుకుని చదివాను.

అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు. గద్వాలలో మాది మగ్గం ఇల్లు. అమ్మతో పాటు చీరలు నేస్తూనే డిగ్రీ, ఆపైన బి.ఎడ్. పూర్తిచేశాను. "మగ్గం గుంటలకెల్లి లేసి ఇంగ్లీషు టీచరైతదంట" అని మా వాడలో నవ్వినవాళ్ళున్నారు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్ళు మండేది. టీచరునై చూపిస్తానని పంతం పట్టాను.

మొదటి ఇంటర్వ్యూ వనపర్తిలో, ఒక ప్రైవేటు బడిలో. పిల్లలకు పాఠం చెప్పి చూపించమన్నారు. నేను పిక్ అప్‌నే ఎంచుకుని ఒకటి, రెండు, మూడు అంటూ గడగడా చెప్పుకుపోయాను. ఆరో అర్థం దగ్గర, వెనక బెంచీలో కూర్చున్న పెద్దాయన "ఒక్క నిమిషం మేడం, రెండోదానికి ఇంకో ఉదాహరణ చెప్పండి" అన్నాడు. చెప్పాను. ఆ తర్వాత ఎక్కడ ఆగానో తెలియలేదు. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి ఒక పిల్ల ఏదో అడిగింది. మళ్ళీ ఒకటి. మూడోసారి కింద పడ్డ పెన్ను దగ్గరికి రాగానే తరగతి మొత్తం నవ్వింది. పెద్దాయన మర్యాదగా మంచినీళ్ళు ఇప్పించి పంపేశాడు.

ఆ రోగం ఎక్కడిదో బస్సు పెబ్బేరు దాటేలోపే అర్థమైంది. మా ఇంట్లో పడుగు పోగులు, అంటే మగ్గానికి నిలువునా కట్టే దారాలు, లెక్కపెట్టేవాళ్ళను ఎవరూ పలకరించకూడదు. చుట్టాలొచ్చినా, ఫోన్ మోగినా అమ్మ తలెత్తదు. మధ్యలో నోరు తెరిస్తే లెక్క పోయినట్టే, మళ్ళీ ఒకటి నుంచే. ఊహ తెలిసినప్పటి నుంచి నేనూ అట్లాగే లెక్కపెట్టాను. ఇంగ్లీషును కూడా పోగులు లెక్కపెట్టినట్టే నేర్చుకున్నాను.

ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"నీ లెక్కల అలవాటే నన్ను ముంచింది."

అమ్మ నేస్తున్న చెయ్యి ఆపలేదు. "లెక్క తప్పితే ఒకటి నుంచి మొదలువెడ్తం. నేసేటప్పుడు పోగు తెగితే ఏం జేస్తవే? చీరంత ఇప్పుతవా?"

"ఎందుకిప్పుత? తెగినకాడ ముడేస్త."

"మరి పాఠం లెక్కవెట్టేదా, నేసేదా?"

నా కోపం దిగలేదు, ఆమె చెప్పింది నిజం కాబట్టి.

ఆ నెలంతా మగ్గం పక్కన నిలబడి అమ్మకే పాఠం చెప్పాను. అంకెలు తీసేశాను. అర్థాలన్నీ కలిపి, మా ఇంటికి చీరలు కొనడానికి అయిజ నుంచి వచ్చే ఒక వ్యాపారి కథ అల్లాను. అమ్మ కావాలనే అడ్డొచ్చేది. పప్పుల ఉప్పేసినవా అనేది, నీళ్ళొచ్చినయేమో జూడు అనేది. నేను చూసి రాగానే "ఇగ జెప్పు, యాడ ఆపినవ్?" అని అడిగేది. మొదట్లో పళ్ళు నూరాను. తర్వాత తర్వాత ఆమె ఎన్నిసార్లు తెంపినా తడుముకోకుండా అందుకోవడం వచ్చింది.

రెండో ఇంటర్వ్యూ నాగర్‌కర్నూలులో. పంతానికి మళ్ళీ అదే పాఠం చెప్పాను. వ్యాపారి బస్టాండులో దిగి ఫోన్ చేస్తుండగా హెడ్‌మిస్ట్రెస్ ఒక ప్రశ్న వేశారు. జవాబు చెప్తుంటే బడి గంట మోగింది. ఒకటి అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"పాపం, అయిజ వ్యాపారి ఇంకా బస్టాండులోనే నిలబడి ఉన్నాడు. పోయి తీసుకొద్దాం పదండి" అన్నాను.

పిల్లలు నవ్వారు, ఈసారి నా మీద కాదు. కిటికీ పక్కన కూర్చున్న పిల్ల లేచి "మేడం, ఇప్పుడు మీరు చేసింది గూడ పిక్ అపే గద?" అంది. ఆగిన దగ్గర నుంచే అందుకోవడమనే నా పదకొండో అర్థం, నేనింకా చెప్పనే లేదు. అప్పుడే తెలిసిపోయింది, గెలిచానని. హెడ్‌మిస్ట్రెస్ నవ్వి, సోమవారం నుంచి రాగలరా అని అడిగారు.

బస్టాండులో నిలబడి అమ్మకు ఫోన్ చేశాను. ఆ రోజు ఆమె కొత్త పడుగు లెక్కపెడుతూ ఉంటుంది. ఎత్తదని తెలిసీ ఆగలేక చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"లెక్కవెడ్తలేవా అమ్మా?"

"నాలుగు వందలదాంక వచ్చిన. పోతే పోయింది తియ్, మళ్ల ఒకటి నుంచి లెక్కవెడ్త. నువ్వు జెప్పు బిడ్డా, టీచరమ్మవైనవా?"