కుర్చీలోంచి పదిసార్లు

బస్సు ఎక్కడం కూడా ఒక విద్యేనని నాకు అరవై ఆరేళ్ళ వయసులో, జగిత్యాల బస్టాండులో తెలిసింది. ఆడవాళ్ళకు టికెట్ లేకుండా చేశారు గానీ, బస్సు మొదటి మెట్టును కాస్త కిందికి దించుదామని ఎవరికీ తోచలేదు. కడ్డీ పట్టుకుని కుడికాలు మెట్టు మీద పెట్టాను. ఎడమకాలు నేలను వదలనంది. “అవ్వా, జల్ది ఎక్కు, టైమైతంది” అంటూ కండక్టరమ్మ నా చెయ్యి పట్టి పైకి గుంజింది. వెనక నుంచి ఎవరో పుణ్యాత్మురాలు రెండు చేతులతో లోపలికి నెట్టింది. వడ్ల బస్తాను కూడా హమాలీలు అంతకంటే మర్యాదగా లారీ ఎక్కిస్తారు. ఈ వైభోగమంతా పక్కనే ఉన్న మా కోడలు చూసింది. కోరుట్లలో ఇల్లు చేరేలోపే తీర్పు చెప్పేసింది.

“అత్తమ్మా, ఇగ నువ్వు ఒక్కదానివి ఏ బస్సూ ఎక్కద్దు.”

నాకేమో ఒక్కదాన్నే పోవాల్సిన ఊరు ఒకటుంది. సిరిసిల్లలో నా చెల్లెలు బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయి ఇంటికొచ్చింది గానీ మంచం దిగడం లేదు. “నాలుగు దినాలు వచ్చి నా దగ్గరుండవే అక్కా” అని రోజూ ఫోనులో ఏడుపు. కోడలు తోడొచ్చినప్పుడల్లా గంట కూర్చుని తిరిగి రావడమే. మా అబ్బాయి దుబాయిలో ఉన్నాడు, ఆమెకు పిల్లల బడి, ఇంటి పని. నేను ఒక్కదాన్నే పోవాలి, నాలుగు రోజులు ఉండాలి. నాకు కావలసింది అంతే.

జగిత్యాలకు వెళ్ళిందే మోకాళ్ళ కోసం. కోడలు బయట మందుల కోసం నిలబడి ఉంటే, లోపల ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమంది. లేచాను, లేచినంత వేగంగా వెనక్కి కూలబడ్డాను.

“తొడల్ల కండ తగ్గిందమ్మా. కండ ఉంటే మోకాలి మీద బరువు తగ్గుతది, తూలి పడరు, ఎముకలు గట్టిగుంటయి. ఈ వయసుల కూడా పెరుగుతది” అంది.

నాకు ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళు ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టినదాన్ని. నాకు బలం లేదా? ఇంటికొచ్చాక నింపాదిగా ఆలోచిస్తే అర్థమైంది. ఆ నలభై ఏళ్ళూ పని చేసింది వేళ్ళు. కాళ్ళు హాయిగా చాప మీద మడుచుకుని కూర్చున్నాయి.

ఆమె చెప్పిన వరస చిన్నదే. రోజు విడిచి రోజు కుర్చీలోంచి పదిసార్లు లేవాలి, గోడ పట్టుకుని మడమలెత్తాలి, చెరో చేతిలో కొంచెం బరువు పట్టుకుని నడవాలి. ఊపిరి బిగబట్టకూడదు. రోజూ ఒక గుడ్డో, గిన్నెడు పప్పో తినాలి. అలవాటైనకొద్దీ బరువు పెంచుకోవాలి. ఇదంతా కోడలికి చెప్తే దుబాయికి వీడియో కాల్ పోతుంది, అక్కడ మా వాడు తన రూములో వాళ్ళందరికీ చూపించి నవ్వుతాడు. అందుకని ఆమె పిల్లలను బడిలో దింపడానికి పోగానే తలుపు దగ్గరికేసి మొదలుపెట్టేదాన్ని. బరువుకు కందిపప్పు ప్యాకెట్లు, చెరో సంచిలో ఒకటి.

మూడో వారం పట్టుబడ్డాను.

“గా పప్పు వట్టుకొని ఏడికి పోతున్నవ్ అత్తమ్మా?” గుమ్మంలో కోడలు.

రెండు సంచులూ వెనక్కి దాచాను.

“సిరిసిల్లకు మూట గడుతున్నవా? అడిగితే నేను ఇయ్యనా?”

కసరత్తు చేస్తున్నానని చెప్పడం కంటే దొంగనని ఒప్పుకోవడమే నాకు సుఖంగా తోచింది. తల వంచుకున్నాను. మర్నాటి నుంచి పప్పు డబ్బా అటక మీదికి చేరింది. నేను నీళ్ళ సీసాలకు మారాను. నింపేకొద్దీ బరువు పెరుగుతుంది కాబట్టి అవే నయమనిపించింది. నెల దాటేసరికి కింద కూర్చుంటే గోడ వెతుక్కోకుండా లేస్తున్నాను. మోకాళ్ళు నొప్పి పెడుతూనే ఉన్నాయి గానీ మునుపటంత కాదు. నిద్ర మాత్రం బ్రహ్మాండంగా పట్టింది.

రెండు నెలలకు నేనే బయటపడ్డాను. హాల్లో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి కోడల్ని పిలిచాను.

“చేతులు పెట్టకుంట పదిహేనుసార్లు లేవాలె. నేను గెలిస్తే ఒక్కదాన్నే సిరిసిల్ల పోత.”

“నాతోని పందెమా?” అని కొంగు దోపింది. పదోసారి దాకా సమంగా సాగాం. పదకొండోసారి నేను పళ్ళు బిగించి లేస్తుంటే నా ముఖం చూసి పకపకా నవ్వుతూ కూలబడింది. నవ్వితే ఓడినట్టేనని అప్పటికప్పుడు ఒక రూలు పెట్టి, మిగతావి పూర్తి చేశాను. పప్పు సంగతి కూడా చెప్పేశాను. అటక మీది డబ్బా తనే దించింది.

కోరుట్లలో బస్సు ఎక్కుతుంటే కోడలు రెండు చేతులూ చాచి వెనకే నిలబడింది. ఆ చేతులతో పని పడలేదు. వేములవాడలో బస్సు మారాను, అక్కడా నేనే ఎక్కాను. ఒక్కరూ నా వైపు చూడలేదు. నాకు చాలా కోపం వచ్చింది.

చెల్లెలు దిండుకు ఆనుకుని ఉంది. నిలబడొచ్చని డాక్టరు చెప్పి చాలా రోజులైంది, పడతానన్న భయంతో ఆమే లేవడం లేదు.

“నీ మోకాళ్ళకే దిక్కులేదు, నన్నేం వడుతవ్? ఇద్దరం కింద వడుతం.”

“వట్టుకొని చూడు” అన్నాను.

ముందు వాకర్, ఒక పక్క ఆమె కూతురు, ఇంకో పక్క నేను. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని బరువంతా వేసింది. నా తొడలు వణికాయి గానీ కదల్లేదు. ఆమె మెల్లగా లేచి నిలబడింది. చిన్నప్పటి నుంచీ నాకంటే బెత్తెడు పొడుగు. ఇన్నాళ్ళూ మంచం మీదే చూసి ఆ సంగతే మరిచిపోయాను. ఆమె ముఖం కోసం తల ఎత్తాల్సి వచ్చేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె నన్ను పై నుంచి కిందికి చూసింది.

“ఏందే అక్కా, గింత పొట్టిగైనవ్?” అంది, నా చెయ్యి వదలకుండా.