పాపకు కట్టే నీలి కన్ను

పాత నగల మీద పత్రికకు రాసే వ్యాసం కోసం ఈ రోజు బర్మాలోని పజుండౌంగ్ పేటలో తెలుగు కంసాలి కొట్టుకు వెళ్లాను. అక్కడ ఒక పెద్దావిడ మనవరాలి బారసాల కోసం పాత బంగారు లాకెట్‌కు కొక్కెం వేయిస్తున్నారు. లాకెట్ అద్దం కింద ఒకే ఒక్క నీలి కన్ను చిత్రించి ఉంది. ఆమె అమ్మమ్మ కాలం నుంచీ పసిపిల్లలకు దిష్టి తగలకుండా దాన్నే కడుతున్నారట. పూర్వం ఇంగ్లిష్ ప్రేమికులు తామెవరో బయటపడకుండా ఒక్క కన్నే గీయించి, ఇష్టపడినవారికి రహస్యంగా ఇచ్చేవారని చెప్పాను.

“అంటే మా అమ్మమ్మకి దొరెవుడో ఇచ్చాడంటారేటి?”

“తెలీదమ్మా. వేలంలో కొన్నదైనా కావచ్చు.”

ఆమె లాకెట్‌ను కంసాలి ముందుకు జరిపి, “కొక్కెం ఎయ్యి కో రాజూ,” అని బర్మా వాళ్లలా అతన్ని ‘కో’, అంటే అన్నా, అని పిలిచి చెప్పారు. తర్వాత నాతో, “ఈ మాట మా కోడలికి సెప్పకండి బాబూ. పిల్లకి కట్టనివ్వదు.”

సరేనన్నాను. ఆమె పేరు రాయలేదు గానీ, సాయంత్రం నుంచి మనసు కుదురుగా లేదు. ఆధారం లేని మాట ఎన్నడూ అచ్చు వేయలేదు, నోటితో మాత్రం అనేశాను. మీరైతే ఆ ప్రేమికుల మాట ఎత్తకుండా ఊరుకునేవారా?