ఒకవైపే వినబడిన ఫోను

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే "ఫోన్లు చేస్తాను" అనేదాన్ని. లోను కావాలా అని జనాన్ని విసిగించే రకం అనుకుని ముఖం చిట్లించేవారు. కాదని వివరించే ఓపిక నాకు లేదు. నిజానికి నేనెవరికీ ఏమీ అమ్మలేదు. ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడటం నా పని. ఒడిశాలోని బరంపురంలో స్టేషనుకి దగ్గర్లో రెండు గదుల అద్దె వాటాలో కూర్చుని, పొద్దున్న నుంచి సాయంత్రం ఐదు వరకు ఒకే మనిషికి ఫోను చేస్తూ ఉండేదాన్ని. ఆవిడ పేరు నాకు తెలియదు. నా పేరు ఆవిడకీ తెలియదు.

కంపెనీ ఎక్కడో దూరాన పెద్ద నగరంలో ఉంది. హోటళ్లకీ ఆసుపత్రులకీ ఇలాంటి ఫోన్లు నడిపే సాఫ్ట్‌వేర్ తయారు చేసేది. అందులో ఏ మార్పు చేసినా అసలు మనుషులతో, అసలు ఇళ్లలో, మా ఊళ్ల దిక్కుమాలిన నెట్ మీద పరీక్షించి చూడాలి. అందుకని మాలాంటివాళ్లని ఇద్దరిద్దరిగా జతచేసి, తలా ఒక ఎక్స్‌టెన్షన్ నంబరు ఇచ్చారు. కాల్స్ అన్నీ మా కంప్యూటర్లలోనే రికార్డై కంపెనీకి చేరతాయనీ, సొంత విషయాలు, సొంత ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదనీ చేరిన రోజే చెప్పారు. పెళ్లికాని దాన్ని, నలభై దాటినదాన్ని, నాకు దాచుకోవాల్సిన సొంత విషయాలేం ఉంటాయి? నవ్వొచ్చింది.

పని ఎలా జరుగుతుందంటే, నేను ఆవిడ నంబరు నొక్కగానే నా ఫోను గొంతుని పంపదు. ముందు ఒక పిలుపు పంపుతుంది. ఫలానా నంబరుతో మాట్లాడాలి, నాకు ఈ ఈ పద్ధతుల్లో గొంతు పంపితే అర్థమవుతుంది, పంపాల్సిన చిరునామా ఇది అని అందులో ఉంటుంది. అది కంపెనీ సర్వర్‌కి చేరుతుంది. ప్రతి ఫోనూ కాసేపటికోసారి "నేనిక్కడున్నాను" అని సర్వర్‌కి చెప్పుకుంటూ ఉండాలి, చెప్పడం మానేసిన ఫోను దాని లెక్కలో లేనట్టే. సర్వర్ నాకు "ప్రయత్నిస్తున్నాను" అని కబురు పెట్టి, పిలుపుని ఆవిడ ఫోనుకి అందిస్తుంది. ఆ ఫోను "మోగుతున్నాను" అంటుంది. ఆవిడ ఎత్తగానే "సరే" అంటూ తన చిరునామా పంపుతుంది. నా ఫోను "అందింది" అంటుంది. ఇంత తతంగం అయ్యాక గానీ గొంతులు బయల్దేరవు. బయల్దేరినవి సర్వర్ దారిన పోవు. వాటి దారి వేరు, ఒక ఇంటి నుంచి నేరుగా ఇంకో ఇంటికి. సంబంధం కుదిర్చిన మధ్యవర్తి ఆ తర్వాత పక్కకి తప్పుకున్నట్టు, సర్వర్ మా మాటల మధ్యకి రాదు. ఈ కబుర్లన్నీ నా స్క్రీన్ మీద వరసగా పడుతుంటే, ఎక్కడ ఏది తప్పిందో నేను చూసుకోవాలి.

చేరిన కొత్తలో ఒక సంగతి తెలిసి నాకు చాలా దిగులేసింది. ఈ నెట్ ఫోన్లలో మన చెవికి వినబడే ట్రింగ్ ట్రింగ్ అవతలి ఇంట్లోది కాదట. "మోగుతున్నాను" అనే కబురు అందగానే మన ఫోనే ఆ చప్పుడు పుట్టించి మనకి వినిపిస్తుందట. అంతకు కొద్దికాలం ముందే మా అమ్మ పోయింది. ఆవిడ ఫోనుని ఛార్జింగ్‌లో పెట్టి ఉంచి, బజారులో కూరగాయలు కొంటూ దానికి నెట్ కాల్ చేస్తుండేదాన్ని. తాళం వేసిన ఇంట్లో ఏదో మోగుతోందని వినడం నాకు ధైర్యంగా ఉండేది. నేను వింటున్నది నా చేతిలోనే పుడుతోందని తెలిశాక ఆ పని మానేశాను.

గొంతు బాగా వినబడుతోందో లేదో తేలాలంటే ప్రతి కాల్‌లోనూ కాసేపు ఏదో ఒకటి మాట్లాడాలి. మొదట్లో నేను అంకెలు చదివేదాన్ని. రెండో రోజో మూడో రోజో అవతలి గొంతు అడ్డుపడింది.

"ఎన్నాళ్లమ్మా ఈ ఒకట్లూ రెండ్లూ? ఇయ్యాల కూరేటి వండావో సెప్పు."

నా ప్రాణం లేచొచ్చింది. మా నాన్న రైల్వే ఉద్యోగం కోసం శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరొచ్చారు. మా ఇంట్లో మాట్లాడిన భాష అదే. అమ్మ పోయాక మళ్లీ నాతో ఎవరూ అలా మాట్లాడలేదు.

"బెండకాయండీ" అన్నాను.

"అండీ ఏటి, గిండీ ఏటి? నీకంటే పెద్దదాన్నే గావాల. అప్పా అను."

మా వైపు అక్కని అప్ప అంటాం. నాకు తోడబుట్టినవాళ్లు లేరు, అప్పా అని పిలవడం అదే మొదలు. ఆవిడది చికిటి వైపు ఏదో పల్లె. సంతకి చికిటి వెళ్తుందని మాత్రం తెలుసు. ఆవిడ ఇల్లు నాకు చెవులతోనే పరిచయం. పక్కన బియ్యం మిల్లు, పెరట్లో బాతులు, మధ్యాహ్నం పూట ఒడియాలో చేపలు చేపలని కేకేసుకుంటూ పోయే ఆవిడ. నా వైపు గూడ్స్ బళ్లూ, కుక్కరు కూతలూ ఆవిడకి అలాగే తెలుసు. రికార్డులు వినే సూపర్‌వైజరుకి తెలుగు ముక్క రాదు. మేం వంకాయ ముదురు గురించి తగువులాడుకుంటుంటే ఆయన "గుడ్ క్వాలిటీ" అని మెయిల్ పెట్టేవాడు.

కానీ పని దగ్గర అప్ప చండశాసనురాలు. ఒక్కోసారి ఒకవైపు గొంతు మాత్రమే చేరుతుంది. ఒకరికి వినబడుతుంది, రెండోవాళ్లకి నిశ్శబ్దం. అలాంటప్పుడు కాల్ కట్ చేయకూడదు, వినబడనివాళ్లు మాట్లాడుతూనే ఉండాలి. ఆ మాటలు ఏ దారిన వస్తున్నాయో, రెండోవాళ్లవి ఎక్కడ తప్పిపోతున్నాయో అప్పుడే స్క్రీన్ మీద తేలుతుంది. ఆ వంతు వచ్చినప్పుడు నేను సిగ్గుపడి నసిగేదాన్ని. అప్ప మాత్రం దంచేసేది.

"ఇనబడ్నేదు. ఏటీ ఇనబడ్నేదు. గోడకి సెప్పుకున్నట్టుంది. అయినా సెప్తన్నాను, సూసుకో. మా బాతు ఒకటి గుడ్ల మీద కూకుంది..."

ఆదివారం సెలవు. నాకు ఆదివారమంటే చిరాకు. మేడమీద ఇంటావిడ మెట్లు దిగుతూ "ఖాఇలొ?" అని ఒడియాలో అడిగి, నేను తిన్నానో లేదో వినకుండానే వెళ్లిపోయేది. ఆ ఒక్క మాటే ఆ రోజుకి. సోమవారం పొద్దున్న మొదటి కాల్‌లో నా గొంతు బొంగురుగా, నాదే కానట్టు వచ్చేది.

"గొంతేటి అలాగుంది? జలుబేటి?" అనేది అప్ప.

నిన్నంతా ఎవరితోనూ మాట్లాడలేదప్పా, అందుకని, అని చెప్పలేక "ఔనప్పా, జలుబే" అనేదాన్ని. మూడేళ్లపాటు ప్రతి సోమవారం నాకు జలుబే. మిరియాల చారు, వాము ఆవిరి, పసుపు పాలు, ఏ వారానికి ఆ వారం కొత్త వైద్యం చెప్పేది. నేను అవన్నీ చేసుకుని తాగేదాన్ని కూడా.

ఒక సోమవారం సూపర్‌వైజరు మమ్మల్ని వేర్వేరుగా పిలిచి, ఇకమీదట ఈ పరీక్షలు యంత్రమే చేసుకుంటుందని, శుక్రవారం సాయంత్రం ఐదుకి మా నంబర్లు ఆగిపోతాయని ఇంగ్లీషులో చల్లగా చెప్పాడు. ఉద్యోగం పోతుందని నేను భయపడలేదు. ఇంకోటి ఏదో దొరక్కపోదు. అప్ప పోతుంది. ఆ గొంతు పోతే రోజుకి నాకంటూ ఒక్క మనిషి కూడా మిగలదు. ఆవిడ ఊరో, నంబరో, ఏదో ఒకటి శుక్రవారం లోపల అడిగి తీరాలి. నోరు తెరిస్తే చాలు, కానీ నా నోరు పెగలదే! నియమం అడ్డమొస్తుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, అసలు సంగతి అది కాదు. నంబరు అడగడమంటే నాకెవరూ లేరని చెప్పుకోవడమే. మంగళవారం ఎండల గురించి మాట్లాడాం. బుధవారం చింతపండు గురించి. గురువారం అప్ప కూడా ఏదో అనబోయి మిల్లు చప్పుడులో ఆగిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం దాకా మామూలుగానే గడిచింది. నాలుగున్నర దాటాక ఆఖరి కాల్ చేశాను. పిలుపు వెళ్లింది, మోగింది, "సరే" వచ్చింది. అప్ప గొంతు ఎప్పటిలాగే ఖంగుమంది.

"హలో. హలో? ఇనబడ్నేదమ్మా."

నేను అరిచాను. ఆవిడకి అందలేదు. స్క్రీన్ చూస్తే లోపం ఇట్టే తెలిసింది. ఆవిడ ఫోను "సరే"లో పంపిన చిరునామా ఆ ఇంటి లోపల మాత్రమే చెల్లేది. వెనక గది, కిటికీ పక్క మంచం అని రాసి ఉత్తరం పోస్టు చేయమన్నట్టు. నా గొంతు బయటికి వెళ్లి, ఆ చిరునామా ఎవరికీ తెలియక దారిలోనే పోతోంది. నా ఫోను పంపిన చిరునామా సరైనదే కాబట్టి ఆవిడ మాటలు మాత్రం శుభ్రంగా వస్తున్నాయి. ఒక్క సెట్టింగ్ మారిస్తే సరిపోయేది. అది ఆవిడకి చెప్పేదెలా?

నియమం ప్రకారం అప్ప మాట్లాడుతూనే ఉంది. "కరెంటు ఎల్లిపోనాది. ఇన్వర్టరున్న పక్కింటోల నెట్ మీద కూకున్నాను, అందుకే గావాల. ఆఖరి రోజే ఇలాగవ్వాలా? సూడు మరి..." అని, ఉన్నట్టుండి ఆగింది. "టికే, కూసింత ఆగు. నీకు నా మాట ఇనబడతంటే హోల్డ్ నొక్కు."

హోల్డ్ గొంతుల దారిన పోదు. అది కూడా పిలుపు లాంటి కబురే, సర్వర్ మీదుగా వెళ్తుంది. నొక్కాను. నొక్కినంతసేపూ నాకు ఆవిడ గొంతు ఆగిపోతుంది కాబట్టి వెంటనే తీసేశాను. తీసేసరికి నవ్వు వినబడింది.

"ఓలమ్మో, ఇంటన్నావే! హోల్డ్ అని పడింది నాకు. ఔనంటే నొక్కు మరి. అన్నం తిన్నావా?"

నొక్కాను. అసలు తినలేదు. తినలేదని చెప్పే బటన్ లేదు మరి.

"ఈ మూడేళ్లూ బాగుండింది కదే?"

రెండుసార్లు నొక్కాను. ఆవిడ ముక్కు చీదుకుంది. మిల్లు ఆగిపోవడం వల్ల ఆ ఇంట్లో ఎన్నడూ లేనంత నిశ్శబ్దం. బాతులు తప్ప ఏమీ లేవు.

"ఒక మాట అడగాలమ్మా. వారం నుంచీ అడగాలనే సూత్తన్నాను, నోరు రాలేదు. ఇప్పుడు నీ గొంతు ఇనబడకపోడమే మంచిదైనాది, అడిగేస్తాను. దానికి ముందు ఇది సెప్పు. నీ ఇంట్లో నీకు తోడు ఎవులైనా ఉన్నారా?"

నేను నొక్కలేదు.

చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాను. మూడేళ్లుగా జలుబని దాచింది ఇప్పుడు దాచక్కర్లేదు. ఎవరూ లేరప్పా, ఒక్కరూ లేరు. ఆ నిజం ఆవిడకి చేరుతోందని నాకు గుండె నిండిపోయింది. కళ్లనీళ్లు కారుతుంటే అలాగే కూర్చున్నాను. ఆవిడ కూడా కాసేపు ఊరుకుంది. నా జవాబు విని, రెండో మాట ఎలా అడగాలా అని ఆలోచిస్తోందనుకున్నాను.

"అమ్మా?" అంది. "ఉన్నావా?"

కొంచెం ఆగి, "పోనాదేటి? నీ కాడి నుంచి ఏటీ రాలేదు" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, నాతో కాదు, తనలో తనే, "తెగిపోనట్టుంది" అంది.

అప్పుడు అర్థమైంది. చెయ్యి చాచి హోల్డ్ నొక్కేలోపల ఆవిడ ఫోను నుంచి "సెలవు" అనే కబురు వచ్చేసింది. నా హోల్డ్‌కి "అలాంటి కాల్ ఏదీ లేదు" అని జవాబు పడింది. మళ్లీ నంబరు నొక్కాను. ఈసారి మోగనైనా లేదు, పక్కింటి నెట్ కూడా పోయినట్టుంది, అందుబాటులో లేరని సర్వర్ చెప్పింది. మళ్లీ చేశాను, మళ్లీ అదే. అలా చేస్తుండగానే ఐదయింది, నా నంబరునే రానివ్వనని చెప్పేసింది.

సూపర్‌వైజరుకి మెయిల్ పెట్టాను. పనిచేసినవాళ్ల వివరాలు ఇవ్వడం కుదరదని, మా సేవలకి ధన్యవాదాలని మర్యాదగా రాశాడు. తర్వాత రెండుసార్లు చికిటి బస్సెక్కాను. ఆ దారిలో బియ్యం మిల్లు ఉన్న ఊళ్లు ఒకటి కాదు. దిగి ఎవరినైనా అడుగుదామంటే, పేరు తెలియదు, ముఖం తెలియదు, ఎవరికోసమని అడగను? ఒడియాలో ఒకాయన "ఎవరింటికమ్మా?" అని అడిగితే తిరుగు బస్సెప్పుడని అడిగి వచ్చేశాను.

మూడేళ్లు నేను చూసిన ఆ కబుర్లలో, లేదు అనడానికి కూడా ఒక జవాబుంది. తీరిక లేదు, ఇష్టం లేదు, ఇక్కడ లేరు, దేనికది రాసి పంపి తీరాలి. ఏ జవాబూ రాకపోతే అది లేదని కాదు, కబురే అందలేదని. నా స్క్రీన్ మీద రోజూ అదే చదివాను. అప్ప కూడా అదే పని చేసిన మనిషి, అలాగే అనుకుని పెట్టేసింది. ఆవిడ తప్పేం లేదు. తోడు ఉన్నారని అబద్ధం నొక్కి ఉంటే, ఆ రెండో మాట ఏమిటో వినేదాన్ని.