రాజుగారి చెట్టు, మెహిటబుల్ బల్ల

మెహిటబుల్ టటిల్‌కు తొమ్మిదిమంది పిల్లలు. ఆ తొమ్మిదిమందీ ఏనాడూ కలిసి కూర్చుని తిన్నది లేదు. ఇంట్లో ఉన్న బల్ల చిన్నది. ముగ్గురు కూర్చుంటే ఆరుగురు నిలబడి మొక్కజొన్న జావ తాగేవారు. అందర్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టాలని ఆమె కోరిక. అదేమీ గొంతెమ్మ కోరిక కాదు. అమెరికాలో, సాకో నది ఒడ్డున చెట్లకేం తక్కువ?

తక్కువ లేదు గానీ, రెండడుగుల లావు దాటిన పైన్ చెట్టల్లా ఇంగ్లండు రాజుగారిది. సముద్రానికి ఆవల ఉన్న ఆయన ఓడలకు తెరచాప స్తంభాలు కావాలట. ఆయన మనుషులొచ్చి మెహిటబుల్ వంటింటి పక్క చెట్టు మీద గొడ్డలితో మూడు గాట్లు పెట్టి బాణం గుర్తు వేసిపోయారు. పన్నెండేళ్లయినా నరికి పట్టుకుపోయిన పాపాన పోలేదు. ఆ నీడలో ఆమె చిక్కుళ్లు ఒక్క ఏడాదీ సరిగా కాయలేదు. చివరికి చెట్టు గాలివానకు కూలి కోళ్లగూడు మీద పడింది.

"పడిపోయినా రాజుగారిదేనమ్మా, ముట్టుకోకండి," అన్నాడు తనిఖీకొచ్చిన అధికారి.

"చచ్చిన కోళ్లు కూడా ఆయనవేనా బాబూ? ఉడికించి పంపమంటారా?" అంది మెహిటబుల్.

అధికారి అటు వెళ్లగానే ఆమె ఎడ్లు కట్టించి మానును రంపపు మిల్లుకు లాగించింది. ముప్పై రెండంగుళాల వెడల్పున ఒక్క పలక కోయించింది. రెండడుగులు దాటిన పలక కనబడితే రాజుగారి చెట్టు దొంగిలించినట్టే, అందుకే ఊళ్లో ఏ ఇంటి నేల చూసినా ఇరవైమూడంగుళాల పలకలే. అటకల మీద సంగతి ఎవరూ ఎవరినీ అడగరు. మెహిటబుల్ తన పలకను అటక మీద పిల్లల గడ్డిపరుపుల కింద పరిచింది. పిల్లలు హాయిగా నిద్రపోయారు. భర్త ఈనోస్‌కే నాలుగేళ్లు నిద్ర లేదు.

రాజుతో యుద్ధం మొదలైంది. అధికారి పారిపోయాడు. "ఇక బల్ల చెయ్యవయ్యా," అంది మెహిటబుల్.

"రాజు గెలిచి తిరిగొస్తే?"

"వచ్చి మొదట మన బల్లే కొలుస్తాడా? ఇంకో పనేం లేదా ఆయనకి?"

ఏడాది గడిచినా ఈనోస్ బల్ల చెయ్యలేదు.

1776 ఆగస్టులో ఒక ఆదివారం, ప్రసంగం అయ్యాక పాస్టరుగారు కొత్తగా వచ్చిన కాగితం చదివారు. రాజుతో తెగతెంపులట, ఇక స్వాతంత్ర్యమట! ఎందుకు తెగతెంపులో చెబుతూ రాజు చేసిన ఒక్కో అన్యాయం చదువుతుంటే జనం పూనకం వచ్చినట్టు ఊగిపోయారు. పన్నులు, సైనికులు... వచ్చేది నాదే, వచ్చేది నాదే అని మెహిటబుల్ బెంచీ అంచున కూర్చుంది. కాగితం అయిపోయింది.

ఆమె లేచి నిలబడింది. "అయ్యగారూ, నా చెట్టేదీ?"

పాస్టరుగారు కాగితం తిరగేసి కూడా చూశారు. "లేదమ్మా."

"ఇన్ని రాసినవాళ్లకి ఒక్క చెట్టు దగ్గర సిరా అయిపోయిందా?"

"ఉన్నవి చాలమ్మా. రాజు పీడ వదిలింది."

"పూర్తిగానా?"

"పూర్తిగా!"

మెహిటబుల్ పావడా ఎగ్గట్టి ఇంటికి పరుగు తీసింది. వెనక తొమ్మిదిమంది పిల్లలు, వాళ్ల వెనక ఊరంతా. అందరికంటే వెనక, మొహం పాలిపోయి, ఈనోస్.

అటకెక్కి పరుపులు లాగేసరికి పలక నిలువునా రెండు ముక్కలై ఉంది. ఒకటి ఇరవైమూడంగుళాలు, ఒకటి తొమ్మిది.

"ఎప్పుడు కోశావు?"

"నిన్న... నువ్వు పళ్లు కోయడానికి వెళ్లినప్పుడు."

"ఒక్క రోజు ఆగలేకపోయావా మహానుభావా!" మెహిటబుల్ నేల మీద కూలబడి భోరుమంది. ఆ ఏడుపులోనే ఎక్కడో నవ్వు తగులుకుంది. ఇక ఊరంతా పొట్టలు పట్టుకుని నవ్వింది.

ఆదివారం దేవుడి రోజు, పని చేయకూడదు. అందుకని పాస్టరుగారు పెరట్లోకి వెళ్లి చిక్కుడు పాదులను శ్రద్ధగా చూస్తూ నిలబడ్డారు. ఆయన చూడనంతసేపట్లో జనం ఆ రెండు ముక్కలను కొయ్యమేకులతో బిగించి పీపాల మీద నిలిపారు. తొమ్మిదిమందీ కూర్చున్నారు. మెహిటబుల్‌కు కళ్లు నిండాయి. మధ్యలో వేలు దూరేంత పగులు మాత్రం మిగిలింది.

ఈనోస్ గిన్నె పట్టుకుని గోడవార నిలబడ్డాడు.

"ఇలా రావయ్యా," అంది మెహిటబుల్. "ఆ పగులు చివర కూర్చో. అది నీ చోటు."

ఆ తర్వాత ఇరవయ్యేళ్లు ఈనోస్ అక్కడే తిన్నాడు. పగుల్లోంచి జావ ఒళ్లోకి కారినా ఏనాడూ కిక్కురుమనలేదు.