నాలుగు నిమిషాలు ముందు వేసిన గేటు

జూన్ మొదటి సోమవారం ఉదయం ఐదున్నరకి గేటు దగ్గర రిపోర్టు చేశాను. ఖరగ్‌పూర్ దాటాక, పొలాల మధ్య లెవెల్ క్రాసింగ్. రేకుల గది. బల్ల, ఫోను, ఎర్రజెండా, పచ్చజెండా, మట్టికుండ. ఫౌజు నుంచి వచ్చినవాళ్లను రైల్వే కాంట్రాక్టు మీద గేట్‌మెన్‌గా పెట్టుకుంటుంది. పదిహేడేళ్లు మంచులో కాపలా కాసినవాడికి ఇదొక డ్యూటీయా అనుకున్నాను.

ఆర్డరు తేలిక. స్టేషన్ మాస్టర్ ఫోను చేస్తాడు. గేటు వేసి, తాళం బిగించి, నా కాగితంలోని నంబరు ఒకటి ఆయనకు చెప్పాలి. నంబరు చెప్పామంటే గేటు పడిందని మాట ఇచ్చినట్టు. ఇక బండి దాటేదాకా తాళం ముట్టకూడదు.

బడి మూడో తరగతిలోనే మానేశాను. చదవడం నేర్చుకున్నది బంకర్‌లో, బైబిలు వాక్యం మీదే. రోజూ బతికి చూపించని విశ్వాసం ఎందుకని గోల్‌బజార్ ప్రార్థన కూడికలో అందరినీ నిలదీసింది నేనే. గేటు దగ్గరా ఒక పద్ధతి పెట్టుకున్నాను. మాస్టర్ చెప్పిన టైముకి నాలుగు నిమిషాలు ముందే గేటు వేసేసేవాణ్ని. ఆ ఖాళీలో మోకరించి ప్రార్థన. డ్యూటీ, భక్తి రెండూ నడుస్తున్నాయని లోలోపల గర్వం.

గేటు అవతల, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా రిటైరైన ఒకాయన ఇల్లు. శ్రీకాకుళం వైపు వాళ్లు. ఆయన భార్య నన్ను అన్నియ్యా అని పిలిచి, రోజూ మూడింటికి టీ తెచ్చిచ్చేది. ఆయన మాత్రం నన్ను వదిలేవాడు కాదు.

“ఏటి బావా, టైముకి ముందే గేటెయ్యమని మీ పెబువు సెప్పినాడేటి?”

నవ్వి జెండా అందుకునేవాణ్ని.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం. సన్నటి వాన. 4:14కి వెయ్యాల్సిన గేటు 4:10కి వేశాను. నంబరు చెప్పాను. మోకాళ్ల మీద ఉండగా, 4:12కి అవతల ఆటో హారన్. పట్టాలు దాటి వెళ్లాను. వెనక సీట్లో ఫిట్టర్, భార్య మీదికి వాలిపోయి ఉన్నాడు. గుండె దగ్గర చెయ్యి. ఒళ్లంతా చెమట. ఆసుపత్రి ఇవతలి వైపు.

గదికి పరుగెత్తి ఫోను ఎత్తాను. మాస్టర్ బెంగాలీ ఆయన, మంచి మనిషే.

“సిగ్నల్ ఇచ్చేశాను, దాదా. గూడ్స్ వచ్చేస్తోంది. తాళం ముట్టొద్దు.”

తిరిగి వచ్చేసరికి ఆవిడ ఆటో దిగి గేటు తాళం పట్టుకుని ఉంది.

“తియ్యి అన్నియ్యా. మీ పెబువుతో నేను సెప్పుకుంటాను.”

తాళంచెవి నా జేబులో ఉంది. నంబరు చెప్పేశాను. ఆటోవాడూ నేనూ ఆయన్ని ఎత్తి మోసుకెళ్దామని చూశాం. భారీ మనిషి. రెండడుగులు వేసేసరికి కూత వినపడింది. 4:15కి గూడ్స్ వచ్చింది. నెమ్మదించింది. ముందు ఎర్ర సిగ్నల్ ఉన్నట్టుంది, వ్యాగన్లు సరిగ్గా గేటు మీద ఆగిపోయాయి. ఆసుపత్రి వైపుకి దారి లేదు. ఛాతీ నొక్కాను, ఫౌజులో నేర్పినట్టు. ప్రార్థన చేశాను. 4:36కి బండి కదిలింది. ఆయన చెయ్యి అప్పటికే చల్లబడింది.

విచారణలో నా తప్పేమీ లేదన్నారు. రూలు ప్రకారం లేదు కూడా.

కాంట్రాక్టు అయిపోయి ఖరగ్‌పూర్‌లో మలంచా ఇంటికి వచ్చేశాను. ఆ ఆదివారమే చర్చిలో సంఘపెద్ద, నమ్మకమైన సేవకుడని నన్ను లేపి సాక్ష్యం చెప్పమన్నాడు. ఏం చెప్పను? నేను నోరు తెరవకముందే ఆమెన్ అన్నారు, సంఘంలో కూర్చున్న మీరంతా. ఎందుకన్నారు? 4:10 నుంచి 4:14 దాకా నేను ప్రభువు దగ్గర ఉన్నాననుకున్నాను. ఆ నాలుగు నిమిషాలు ఆవిడవి. ఆమెన్ అనడానికి అందులో ఏముంది?

ఇప్పటికీ రోజూ మోకరిస్తాను. వ్యాగన్లు అడ్డం నిలిచాక ఆ గేటు తీసినా ఒకటే, తీయకపోయినా ఒకటే. అయినా ఆవిడ తాళం వదల్లేదు. కళ్లు మూస్తే ఆ తడిసిన పిడికిలే.